ఈటె లేని ఆయుధపూజ

చిన్నమనూరు దగ్గరి పాళెంలో ఏటా ఆయుధపూజ నాడు నల్లకంబళి మీద ఈటెను ఉంచి బొట్టు పెట్టడం ఆ ఇంటి ఆచారం. తల్లి కంబళి పరిచి కూర్చుంది. కొడుకు వట్టి చేతులతో వచ్చి గడపలోనే ఆగిపోయాడు.

"మీ నాయన ఈటె ఏదిరా?"

"కుంపిణీ దొరలకి ఇచ్చేస్తిని అమ్మా. పాళెంలో అందరూ ఇచ్చిరి."

"వాళ్ళు మనతో చేయి కలిపినోళ్ళు కదా?"

"అవును. మొదట, మా పక్కన నిలబడి పోరాడండి అనిరి."

"మీ నాయన ఆ పోరులోనే పోయె."

"తర్వాత, పోరు మేము చూసుకుంటాము, మీరు బియ్యం అంపితే చాలు అనిరి."

"అంపితిమి. ఇప్పుడేమంట?"

"మేముండంగా మీకు ఈటెలెందుకు అంటా ఉండారు."

"పగవాడు వస్తే?"

"వాళ్ళు అడ్డం నిలుస్తారంట."

"ఆ వచ్చేది వాళ్ళే అయితే?"

 వాడి తండ్రి చావుకు మెప్పుగా కుంపిణీ ఇచ్చిన ఎర్రకోటును ఆమె పెట్టెలోంచి తీసింది. ఈటె ఉండాల్సిన చోట దాన్ని పరిచి, కుంకుమ భరిణె వాడి ముందుకు తోసింది.

"బొట్టు పెట్టరా. ఇంక మనల్ని కాచేది ఇదే కదా."