జీవమ్మ చెప్పిన జాబు

వేంపల్లె, 1938 ఎండాకాలం. చర్చి వెనక ఇంట్లో జీవమ్మ, పెండ్లిచూపులకని కూతురు రత్నమణికి జడ వేస్తోంది.

"అది సరేమ్మా, ఈ చాప కింద పాత చెప్పెందుకు పెట్టినావు?"

"మెల్లగా మాట్లాడు. వాళ్ళ ముందరే నీకు మూర్ఛ వస్తే? వాసన చూపియ్యాల గదా."

"వాళ్ళకే చూపియ్యి. ఆ కంపుకు వాళ్ళే పడతారు."

"నవ్వు, నవ్వు. నా గుండె యాడుండాదో నాకే తెలీదు."

"ఆస్పత్రి డాక్టరమ్మ ఏం చెప్పె? చెప్పు వద్దు, తాళంచెవి వద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. పక్కకు తిప్పి పండబెట్టి, తెలివొచ్చేదాకా కూచ్చోమనె."

"ఊరికే కూచ్చునేదెట్ల? చేతులూరుకుంటాయా?"

"నీ చేతులా? పోయినసారి ఉల్లిగడ్డ రసం నా కంట్లో పోస్తివి. మూర్ఛ కంటే ఆ మంటే ఎక్కువసేపుండె."

"మాత్ర వేసుకున్యావా?"

"వేసుకున్యా. అడిగేది ఇది నాలుగోతూరి."

"వాళ్ళు జబ్బేమన్నా ఉందా అంటే?"

"చిన్నప్పటి నుంచి ఉండాదని చెప్తా."

"అయ్యో, నీ నోరు పడ! వాళ్ళకు జాబులో ఏం రాసినాం? పిల్ల రాయి మాదిరుంటాది, తలనొప్పి గుడక ఎరగదని! నేను చెప్తాంటే నువ్వే గదా రాసింది?"

"నేనే రాసినా."

"మరి?"

"నువ్వు చెప్పింది రాయలేదు."

"ఏందీ?"

"ఏడాదికి మూడు నాలుగుతూర్లు పడతానని రాసినా. బావికాడికి ఒంటిగా పంపకూడదని రాసినా. మాత్రల సంగతీ రాసినా."

"నా పేరుతోనా?"

"నీ పేరుతోనే. నువ్వే గదమ్మా, చదివించుకోకుండా సంతకం పెడితివి."

"కొంప ముంచితివి గదే! ఇంకేం రాసినావు?"

"'నేను లేనిచోట పడితే నా బిడ్డనెవరు చూస్తారు, నాకు శానా భయం' అని."

"అది... అది నిజమే. అయినా ఇంక యాడొస్తారు వాళ్ళు? ఈ జడ విప్పేస్తా, లే."

"విప్పొద్దు. తెలిసే వస్తాండారు. మొన్నొచ్చిన జవాబు నీకు సగమే చదివినా."

"మిగతా సగంలో ఏముండాది? తిట్టినారా? చెప్పే, ప్రాణం పోతాంది!"

"పిల్లగాని తల్లి సంతోషమ్మ రాసింది: 'జీవమ్మ వదినా, పిల్లను చూసుకునేది కష్టమేం గాదు. నువ్వు ఒంటిగా ఆడ కూచ్చుని భయపడేదానికంటే, కోడలి ఎంబడి నువ్వూ మా ఇంటికే వచ్చెయ్యి.'"