కున్మనారాకి న్యాయం

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నడిబొడ్డున, నిరసన ఊరేగింపు మొదలయ్యే చౌకులో, ఎడారి నుంచి వచ్చిన ఆదివాసీ పెద్దామె పక్కన ఒక కాలేజీ అమ్మాయి ఎర్రరంగు డబ్బా తెరుచుకుని కూర్చుంది.

“ఆంటీ, లాకప్‌లో పోయిన మీ మేనల్లుడి పేరు చెప్పండి. బ్యానర్ మీద పెద్దగా రాస్తా.”

“పోయినవాడి పేరు మావాళ్ళు పలకరు పిల్లా. కాలేజీలో ఇది చెప్పలేదా?”

“మరి ఏమని అరవాలి ఆంటీ?”

“కున్మనారా అను. మాలో ఎవరు పోయినా కొన్నేళ్ళు అలాగే అంటాం.”

“సరే, అదే రాస్తా. కొత్త గుడ్డ తెచ్చా.”

“దాన్ని దాచుకో. నా సంచిలో ఒకటుంది, తియ్యి.”

“అరె, ‘కున్మనారాకి న్యాయం చెయ్యండి’ అని రాసే ఉందే! ఇంతలో ఎప్పుడు రాశారు?”

“నేను రాయలేదు. మా అక్క రాసింది, ఎన్నో ఏళ్ళ కిందట వాళ్ళబ్బాయి లాకప్‌లో పోయినప్పుడు. తరవాత మా మరిది కూడా అలాగే పోతే మళ్ళీ ఇదే పట్టుకున్నాం.”

“ఆంటీ...”

“ఏడవకు. ఆ కొస పట్టుకో, జనం కదులుతున్నారు.”

“బాగా మట్టి పట్టింది ఆంటీ. అయ్యాక ఇంటికి తీసుకెళ్ళి ఉతికి తెస్తా.”

“వద్దమ్మా. ఉతికితే అక్షరాలు పోతాయి. మళ్ళీ కావాలిగా.”