పెద్దమ్మాయి స్కోపు

మాస్టారి పెద్దకూతురు జ్వరంతో పోయిన రోజే, చిన్నకూతురు రైఫిల్ పోటీకి ఎంపికైనట్టు కబురు వచ్చింది. నెల తిరిగాక మాస్టారు తుపాకుల దుకాణానికి వెళ్ళారు.

“చిన్నదాని రైఫిలు మీద బిగించి గురి చూసుకునే స్కోపు, చవకలో ఒకటి చూపించు నాయనా.”

“చవకవాటితో గురి చూస్తే గుండు పక్కవాళ్ళ టార్గెట్ అట్టకి తగులుతుంది మాస్టారూ! పెద్దమ్మాయిది బంగారంలాంటి స్కోపు ఇంట్లోనే ఉందిగా?”

“ఉంది. చిన్నదానికి అందులో అంతా అలుక్కుపోయినట్టు కనిపిస్తోందట.”

“అది పెద్దమ్మాయి కంటికి సరిచేసింది కదండీ. వెనక రింగు కాస్త తిప్పితే సరి. చిటికెలో పని.”

“తిప్పితే మా పెద్దది చూసిన చూపు పోతుంది కదయ్యా.”

దుకాణదారు చేతిలోకి తీసుకున్న చవక స్కోపును మెల్లగా లోపల పెట్టేశాడు.

“ఈ చవకదాంతో చిన్నమ్మాయి ఓడిపోతుంది మాస్టారూ.”

“తెలుసు” అన్నారాయన.

ఎల్లుండే పోటీ. ఇంట్లో ఆ రింగును ఇంకా ఎవరూ తిప్పలేదు.