గూడ్సు బండి చారలు

అరకు దాటాక కొండవాలులో ఒక ఊరు. 2006 నవంబరు, పొద్దున్న పది గంటలు. వసారాలో మగ్గం ఖాళీగా ఉంది. దాని ముందు ఇద్దరు: ముసలి గాసి, ఆ ఊరి కండువాలు కొనే సంస్థ తరఫున విశాఖపట్నం నుంచి వచ్చిన డిజైనరు బిందుమాధవి.

“కాదంటే కాదమ్మా. ఆ కాగితం మడిసి సంచిలో ఎట్టుకో.”

“సరిగ్గా చూడకుండానే కాదంటారేం తాతా? మళ్ళీ చెప్తున్నాను. కండువా మీద ఈ నీలం చారలన్నీ తిన్నగా వెళ్తాయి. మధ్యలో ఈ పసుపు చార ఒక్కటే వంకరగా...”

“అదే అడుగుతన్నాను. ఆ వంకర చార ఎవరు?”

“పిల్లలు. మాట రానివాళ్ళు, నలుగురిలో కలవనివాళ్ళు. వాళ్ళ బడిలో డిసెంబరులో పండగ. అందరి బుర్రా ఒకేలా పనిచెయ్యదు, ఆ తేడా కూడా అందమే అని చెప్పడానికి ఈ గుర్తు.”

“మరి తిన్నగున్న చారలెవరు?”

“అంటే... మిగతావాళ్ళం.”

“నువ్వు తిన్నగున్నావేటి? ఘాట్ రోడ్డులో మూడు మలుపులకే జీపు ఆపించి కక్కీసావంట. డ్రైవరు సెప్పాడు.”

“వెక్కిరించకండి!”

“వెక్కిరించకేటి సెయ్యను? పదిమందిలో ఒకణ్ణి ఏలెట్టి సూపించి, ఈడు వంకర, ఎంత ముద్దుగున్నాడో సూడండి అంటన్నావు. మా ముసిల్ది నేసిన దుప్పటి కప్పుకుని నాను అడివికెళ్తే ఎలుగ్గొడ్డు ఎదురొచ్చింది. సుట్టూ తిరిగి చారలన్నీ సూసి, బాగుందని దారిచ్చీసింది. నీకన్నా అదే నయం.”

“కథలొద్దు. సోములమ్మని పిలవండి. నేసేది మీ కోడలు, మీరు కాదు.”

“కోడలు సంతకెళ్ళింది. అయినా ఈ మగ్గం దానిది కాదు. నా మనవరాలు నీలవేణిది. పద్నాలుగేళ్ళ గుంట. ఇప్పటిదాకా నన్ను తాతా అని పిలవనేదు.”

“...మాట రాదా?”

“రాదో, మనతో ఎందుకులే అనుకుందో. ముసిల్ది పక్కన కూకుని నేత నేర్చీసింది. గూడ్సు బండి కూతేసిందంటే సాలు, బేగి పరిగెట్టుకెళ్ళి పెట్టెలు లెక్కెడతాది. వచ్చి, ఎన్ని పెట్టెలుంటే అన్ని ఎర్రపోగులు నేత్తాది. తరవాత ఓ తెల్ల గీత. మళ్ళీ బండి, మళ్ళీ చార. ఒకదానిలాగ ఇంకోటుండదు.”

“తాతా! ఇంతసేపూ ఇది చెప్పరేం? నాకు కావలసింది అదే! చూపించండి. నా కాగితం ఇక్కడే చింపేస్తాను.”

“తరవాత సూద్దువులే. టీ తాగుతావా?”

“టీ వద్దు. చూపించండి.”

“సూసావు కదేటి.”

“ఎప్పుడు?”

“పోయినేడు. ఆర్డరులో కలిసొచ్చిన ఎర్రచారల కండువా. చారల లెక్క తప్పిందని నా కోడలి ముందు ఇసిరీనేదూ? డేమేజి అని చీటీ కూడా అంటించావు.”

“అది... అది ఆ పిల్లదా?”

“ఇంకోటి ఇలాటిదొస్తే ఆర్డర్లే ఆపేస్తానన్నావు. గేపకం ఉందా?”

“నాకెవరు చెప్పారు? ఒక్కరైనా చెప్పారా? అందరూ చూస్తూ నిలబడ్డారు. మీరూ నిలబడ్డారు!”

“అరవకు. నా ఇంట్లో అరవకు.”

“అరుస్తాను! సరే, తప్పు నాదే. ఆ కండువా ఎక్కడుంది? ఆ తర్వాత నేసినవి ఎక్కడున్నాయి? ఏడాదిలో ఎన్ని నేసుంటుంది!”

“నేవు.”

“లేవంటే? ఎవరికైనా ఇచ్చేశారా?”

“నేవంటే నేవు.”

“అటు తిరిగి కాదు, ఇటు చూసి చెప్పండి.”

“ఇప్పీసాను.”

“ఏమిటీ?”

“గుంట బండి సూడ్డానికెళ్ళినప్పుడల్లా, నేసినదంతా పోగు పోగూ ఇప్పీసేవోణ్ణి. నాకు నెయ్యడం రాదు. ఇప్పడం వచ్చు. మళ్ళీ ఆ నూలుతోనే కోడలు నీ లెక్క ప్రకారం నేసీది. నువ్వొచ్చి బాగుంది, బాగుంది అనీదానివి.”

“ఏడాదంతా? మరి ఆ పిల్ల తిరిగొచ్చి చూసుకుంటే?”

“కొండదేవత చిలకలొచ్చి ముక్కుతో ఇప్పీస్తన్నాయని సెప్పాను. ఆటకి ఇప్పుతాయంట అన్నాను. నా కథలు ఈ ఊర్లో ఎవడూ నమ్మడు. అది నమ్మింది. మర్నాటినించి మగ్గం పక్కన గుప్పెడు సామలెట్టీది. గింజలు తిని నూలొగ్గేస్తాయని.”

“ఆ గింజలు?”

“అవీ నానే ఏరి కుండలో పోసీవోణ్ణి.”

“ఛీ! మీరు మనిషేనా?”

“రోజూ నన్ను నాను అడుక్కుంటన్నాను. నువ్వు కొత్తగా అడగక్కర్నేదు.”

“ఆ పిల్లని పిలవండి. నా కాగితం పోతే పోయింది, ఇదిగో, చింపేశాను. తనకి తోచినట్టు ఒక్క కండువా నెయ్యమనండి. పోగు కదపకుండా తీసుకెళ్తాను.”

“పది దినాలై మగ్గం ఎక్కట్నేదు. బండి కూతేసినా లెగట్నేదు.”

“ఎందుకు? చిలకల మీద కోపమా?”

“ఆ పొద్దున్న సామలు మగ్గం కాడ ఎట్టనేదమ్మా. నాను కూటికి కూకుంటే, తెచ్చి నా కంచంలో పోసింది.”