యాభై రూపాయల సిమ్ము

ఇగ అయిపోయిందా సార్? గంతేనా? ఆరు ఇండికాలు, రెండు టేబుళ్లు, ఐదు కుర్చీలు, గోడకున్న ఫ్యాను. ఆ ఫ్యానుకు గూడ ఖరీదు కట్టిండ్రా! జర ఎక్కువ పెడితె టకటక కొట్టుకుంటది, దానికి మున్నూరు రూపాయలు! మరి కిందికి గిదేంది సార్, సున్నా? చదువుండ్రి జర. గుడ్‌విల్లా? గుడ్‌విల్ అంటె మంచిపేరే గద? మా పోచమ్మ ట్రావెల్సుకు మంచిపేరు సున్నానా?

అయ్యో, లేవకుండ్రి. కోపం గాదు సార్, నా గొంతే గంత. కూసొని చాయ్ తాగుండ్రి. మీరు ఆడిటరు, రెండు దిక్కుల వకీళ్లు కలిసి పంపిండ్రు. మీరు నా దిక్కు గాదు, ఆయన దిక్కు గాదు, నాకెర్కే.

విడాకుల కాయితం మీద ఇద్దరం సంతకాలు పెట్టి నాలుగు నెలలాయె. ఇంకో రెండు నెలలకు జడ్జిగారు పిలుస్తరు. అప్పటికి ఈ దుకాణం రెండు పాళ్లు గావాలె. సగం నాది, సగం మా గోవర్ధన్‌ది. చూసిండ్రా, ఇంకా ‘మా గోవర్ధన్’ అనే వస్తున్నది! పద్నాలుగేండ్ల అలవాటు, నాలుక్కేం తెలుస్తది సార్.

ఎందుకు విడిపోతున్నరని మీరు అడగలే. మంచి పని చేసిండ్రు. దానికి మీ కాయితంల గడి లేదు గద.

బ్యాంకు బాకీ పోంగ ఒక్కో కారు రెండు లక్షలు. ఆయనకు మూడు కార్లు, నాకు మూడు కార్లు. సాఫ్ సీదా. ఈ ఫోను, ఈ నంబరు నా దిక్కు రాసి పక్కకు సున్నా పెట్టిండ్రు. ఇస్తున్నరు, మంచిదే, కాదంటలేను. కానీ సున్నా ఏంది సార్? ఎయిర్‌పోర్ట్ షురూ అయిన యేడు తీసుకున్న నంబరు ఇది. ఆరు కార్ల వెనుక అద్దాల మీద ఇదే ఉన్నది. శంషాబాద్‌ల దిగే మనిషి కారు మొఖం చూసి రాడు, ఈ నంబరుకు చేసి...

ఒక్క నిమిషం. హలో, పోచమ్మ ట్రావెల్స్. ఆ, నమస్తే రాజారావు గారు! అమ్మగారు ఎట్లున్నరు? రేపు పొద్దుగాల విశాఖ ఫ్లైటా? అయితే ఐదున్నరకు బాలమల్లు మీ గేటు కాడ ఉంటడు. లిఫ్టు ఇంకా బాగు కాలేదా? మీరు మొయ్యకుండ్రి, మూడో అంతస్తుకు ఆయనే వచ్చి పెట్టె దింపుతడు. ఏం పరవాలేదు. ఉంటనండి.

ఇన్నరు గద? గీ సారు మీ దిక్కాయనే, కోస్తా. ఎట్ల దొరికిండో చెప్పాల్నా? పోయినేడు మా రాష్ట్రం కోసం సమ్మె నడుస్తుండె, గుర్తున్నది గద. ఒకదినం బస్సుల్లేవు, ఆటోల్లేవు, ఆరాంఘర్ కాడ రోడ్డు మొత్తం బందు. ఈయన, ఈయన భార్య ఎయిర్‌పోర్టుల దిగిండ్రు. తెల్లారితే ఆమెకు గుండె ఆపరేషను, సాయంత్రం వరకు దవాఖానల చేరాలె. ఎవరికి ఫోన్ చేసినా రామన్నరు. మా గోవర్ధన్ గూడ వద్దన్నడు. అద్దాలు పగులుతయన్నడు. తప్పు గాదు, కార్లు ఆయన చూసుకునేవి, ఆయన భయం ఆయనది.

నేను పుట్టింది కొత్వాల్‌గూడల సార్. ఏ బాట యాడికి పోతదో కండ్లు మూసుకొని చెప్త. డ్రైవరు బాలమల్లును పంపి, ఈ కుర్చీల కూసొని గంటన్నర ఫోను చెవికెళ్లి తియ్యలే. మోరీ దాటినవా, ఎడమకు తిప్పు. మామిడి తోట వచ్చిందా, గోడ పొంటి పో. హిమాయత్ సాగర్ పక్కకెళ్లి, బండ్లగూడ మీదికెళ్లి తీస్కపోయి లంగర్‌హౌజుల తేల్చిన. అద్దానికి గీత పడలే. రాజారావు గారు దవాఖాన మెట్ల మీద నిలబడి ఫోన్ చేసి ఏడ్చిండు. ఆ ఏడ్పుకు మీరు ఖరీదు కట్టాలంటలేను. అప్పటి సంది వాళ్ల అపార్ట్‌మెంటుల ఎవరు ఊరికి పోయినా ఈ నంబరుకే చేస్తరు. పద్దెనిమిది ఇండ్లు సార్! దానికి ఖరీదు ఉంటదా, ఉండదా?

ఆఁ? ఎవరు ఫోన్ ఎత్తినా కారు పోతది అంటరా?

మరి కీర్తన సంగతి ఇనుండ్రి. కంపెనీల పని చేసే పిల్ల, బెంగళూరుకు పోయి వస్తుంటది. విమానం దిగేవరకు ఒక్కోసారి పదకొండు దాటుతది. ఆ పిల్లకు పది ట్రావెల్సుల నంబర్లు తెలుసు. మాకే ఎందుకు చేస్తది? ఆడమనిషి ఎత్తుతది కాబట్టి. ఎక్కంగనే కారు నంబరు, డ్రైవరు పేరు చెప్పి, ఆ పిల్ల గచ్చిబౌలిల గది తలుపు పెట్టుకునేదాక నేను నిద్రపోను. వాళ్లమ్మ భీమవరంల ఉంటది. బిడ్డకు ఫోన్ చెయ్యదు, నాకు చేస్తది! ‘భాగ్యలక్ష్మి గారూ, మా అమ్మాయి కారెక్కిందాండీ?’ అని. ఎక్కిందమ్మా, ఔటర్ రింగ్ రోడ్డు మీదికి వచ్చింది, మీరు పండుకోండ్రి అంట. నేనే పండుకోను!

అట్ల పిల్లలు ఎంతమంది అనుకున్నరు? యాభై మీదనే. మా ఆయన ఒకసారి నెల దినాలు ఫోన్ నేనే ఎత్తుత అని పట్టుకున్నడు. ‘ఆఁ, ఎవలు?’ అని మొదలువెడ్తడు. సగం మంది పెట్టేసిండ్రు. నాలుగో వారం తెచ్చి నా ఒళ్లె పడేసిండు.

ఆయన ఏం చెయ్యలేదు అంటలేను సార్, అబద్ధం ఎందుకు? మొదటి కారు, ఔటర్ రింగ్ రోడ్డుల పోయిన మా బాపు భూమి పైసలతోని కొన్నం, దాన్ని రెండేండ్లు ఆయనే నడిపిండు. కార్లనే పండుకున్నడు, కార్లనే తిన్నడు. ఇంజను చప్పుడు ఇని రోగం చెప్తడు. అందుకే కార్లు ఆయనకు బంగారం, ఫోను ఆయనకు మాటల డబ్బా.

ఏంది సార్, మళ్ల కాలిక్యులేటర్ తీసిండ్రు? చెప్పుండ్రి, ఇంటున్న.

జీతాలు, డీజిలు, కిస్తులు అన్నీ పోంగ యేడాదికి నాలుగు లక్షలు మిగులుతున్నయి. ఆ మిగులు ఈ నంబరు తెస్తున్నదే. గుడ్‌విల్లుకు మీ రివాజు ప్రకారం రెండేండ్లది కడితె ఎనిమిది లక్షలు. ఎనిమిదా సార్! ఇంకోసారి అనుండ్రి. ఎనిమిది లక్షలు!

ఆగుండ్రి, ఆగుండ్రి, మీ మొఖం ఎందుకు గట్ల పెట్టిండ్రు? నంబరు నేను ఉంచుకుంటున్న కాబట్టి, అందుల సగం ఆయనకు నేను కట్టాల్నా? నాలుగు లక్షలు. అంటె రెండు కార్లు. ఆయనకు ఐదు, నాకు ఒకటి. సున్నా పెడితె మూడు కార్లు, నంబరు ఊకెనే. ఎనిమిది పెడితె ఒక్క కారు. గదే గద?

మీరు మంచోళ్లు సార్. ‘ఆలోచించుకోండమ్మా, నేనింకా పెన్నుతో రాయలేదు’ అన్నరు చూడు, ఇంకొకలైతే అనకపోదురు.

నాకు తెల్వదు అనుకున్నరా?

మా వకీలు శాంతకుమారి మేడం నెల కిందనే చెప్పింది. ‘చూడు భాగ్యలక్ష్మీ, అసలు వ్యాపారమంతా ఆ నంబరులోనే ఉంది. మీ ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆడిటర్ గారు వచ్చినప్పుడు నువ్వు నోరు విప్పకు, ఊరికే వస్తుంది’ అని. చిన్నపిల్లకు చెప్పినట్టు రెండుసార్లు చెప్పింది. సరే మేడం అన్న. మీరు పొద్దుగాల లోపలికి వచ్చినప్పుడు గూడ నోరు మూసుకునే ఉన్న. చాయ్ పోసిన, తాళంచెవులు ఇచ్చిన, ఫ్యాను ఏసిన. సున్నా కనవడ్డది, నాతోని కాలే.

ఎందుకంటరా? అంతకుముందు పెద్దమనుషుల పంచాయితి అయింది సార్, మా సత్తయ్య మామ ఇంట్ల. పది మంది కూసున్నరు. మామ అడిగిండు, కార్లు సరే, ఫోన్ ఎవలకురా అని. మా గోవర్ధన్ నవ్విండు. ‘ఫోన్ ఎత్తుడు గూడ ఒక పనేనా మామా? యాభై రూపాయల సిమ్ము. తీస్కపొమ్మను’ అన్నడు. పది మంది నవ్విండ్రు. మా అమ్మ గూడ నవ్వింది సార్. పాపం, బిడ్డకు ఏదో ఊకె వస్తున్నదని సంబురపడ్డది.

నాకు వస్తున్నదే, నేను గూడ నవ్వాలె. నవ్విన. ఇంటికి వచ్చి, నాలుగేండ్లల నేను ఎన్ని రాత్రులు నిండుగ పండుకున్ననో వేళ్ల మీద లెక్కవెట్టిన. రెండు చేతులు గూడ నిండలే.

అందుకే రాయుండ్రి. ఎనిమిది లక్షలని రాయుండ్రి. అంకెలల్ల రాసి, పక్కకు అక్షరాలల్ల గూడ రాయుండ్రి. కింద ఆయన సంతకం పెట్టాలె గద? పెడ్తడు, ఐదు కార్లు వస్తయంటె ఉరికొచ్చి పెడ్తడు. మేడం తిడ్తది, తిట్టనియ్యి. కొత్వాల్‌గూడల ఇండ్ల ముందల భూమి పైసలతోని కొన్న కార్లు ఊకెనే ఎండుతున్నయి, కిరాయికి పట్టుకొని నడుపుకుంట. ఒక్క కారుతోని మొదలువెట్టుడు నాకేమన్న కొత్తనా?

పద్నాలుగేండ్లల నా పనికి ఆ మనిషి ఒక్కనాడు ఖరీదు కట్టలే. ఇయ్యాల కట్టించుకుంటున్న, దానికి ఎదురు రెండు కార్లు నేనే ఇస్తున్న. తెలివి తక్కువ ఆడిది అనుకుంటున్నరు గద? అనుకోండ్రి. నేను గూడ గదే అనుకుంటున్న.