పడవ మీది ఎండ

భద్రాచలం రేవులో ఆగిపోయిన పడవ దగ్గరికి మెకానిక్ వచ్చాడు. పడవతను గాభరాగా ఎదురెళ్లాడు.

“భాయ్, బ్యాటరీ చచ్చింది. ఇంజన్ లేస్తలేదు. పదింటికి టూరిస్టులొస్తరు!”

“ఇంజన్ తిరగకుంటే ఆల్టర్నేటర్ చార్జింగ్ చెయ్యదు. అందుకే గద, నీకు సోలార్ పలక బిగించిన?”

“దానికి మూడు రోజులసంది ఎండ మంచిగనే తగులుతుంది భాయ్.”

“ఏదీ, చూడనీ... ఏందివయ్యా ఇది! పలక నిండ మామిడి ఒరుగులు!”

“ఇండ్ల మీద కోతులు ఉంచుతలేవు. నీళ్లల్ల పడవ మీదికైతే రావు.”

“తెలివుందా నీకు? ఎండంతా ఒరుగులే తింటే కరెంటెట్ల వస్తది? అన్నీ గోదాట్ల పారెయ్!”

“పారేస్త గని, భాభీకి నువ్వే చెప్పు. అవి మీ ఇంటియే.”

మెకానిక్ ఒక ఒరుగు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఒక దిక్కే ఎండినయ్. జర తిరగెయ్యి.”