ఉసిరికాయల మామ వచ్చేదాంక

“తాతా, నువ్వు లైబ్రరీల కథ చెప్తుంటే ఊళ్ళె మేనమామలంతా వచ్చి కూసున్నరంట గదా? అమ్మ చెప్పింది. రేపు మా స్కూల్ల పిల్లలకు నేను కథ చెప్పాలె. అదేందో జెర చెప్పు, ఫోన్ల రికార్డు పెట్టుకుంట.”

పెట్టుకో బిడ్డా. గా ఫోను నోటికి గంత దగ్గర పెట్టకు, పండ్లు లేని నోరు, తుంపర్లు పడ్తయ్. ఆఁ, గా స్టూలు మీద పెట్టు. మీ అమ్మకు సగమే తెలుసు. మిగతా సగం ఆమెకు నేను కల్పించి చెప్పిన. రచయితను గదా, ఇంట్లోళ్ళ మీదనే మొదలు పెడ్త.

అవ్, రచయితనే. నవ్వకు. ములకలపల్లి సెంటర్ల నాది టైలర్ షాపు. లాగు కుడితే పది రూపాయలు తీసుకున్న రోజులు నాకు యాదికున్నయ్. మిషను మా మామ పెట్టిండు, అదే, మీ అమ్మమ్మ నాయిన. ఆయన చానా మంచోడు గానీ చెవులు వినపడవు, అందుకే బిడ్డనిచ్చిండని నాకో అనుమానం. గా మిషను తొక్కుకుంట కథలు అల్లేటోణ్ణి. బడి నాకు ఐదో తరగతితోనే ముగిసింది. తర్వాత చదివిందంత బట్టలకు చుట్టొచ్చిన పేపర్లే. ఒక పేపర్ల సీరియల్ ముక్క దొరికేది, ముందు వెనక దొరకకపోయేది. ముందుది నేనే కల్పించుకునేది, వెనకది నేనే ముగించుకునేది. అట్ల రచయితనైన. ఖమ్మంల ఒక ప్రెస్సాయన దయతలిచి చిన్న పుస్తకం గూడ వేసిండు. ‘ఎలుగుబంటి లాగు’ దాని పేరు. ఎలుగుబంటి టైలర్ దగ్గరికొచ్చి నాకో లాగు కుట్టు అంటది, అదీ కథ. ఊళ్ళె ఒక్కరు చదివితే ఒట్టు. ఇస్త్రీ బట్టల కింద పెట్టి మడతలు సాపు చేసుకున్న.

ఇగ లైబ్రరీ సంగతి. రెండువేల నాలుగో, ఐదో... వానలు సక్కగ పడ్డ సంవత్సరం. మా బ్రాంచి లైబ్రరీ పెంకుటిల్లు, కిరాయిది. లైబ్రేరియన్ భారతమ్మ మేడం. ఆమె రోజూ కొత్తగూడెం నుంచి బస్సుల వచ్చి తాళం తీసేది, పేపర్లు పరిచేది. ముసలోళ్ళం నలుగురం పోయి పేపర్ చదివి రాజకీయాలు తిట్టి వచ్చేది. పిల్లలు రాకపోయేది. అడవి ఊళ్ళ పిల్లలు బడికే రాను పోను నడక, ఇగ లైబ్రరీ ఎక్కడ?

గట్ల ఉండంగ నవంబర్ల లైబ్రరీ వారోత్సవాలు వచ్చినయ్. మేడం నా షాపుకొచ్చింది. మొహం వాడిపోయి ఉన్నది.

“సాంబన్నా, పిల్లలు రావట్లేదని మన బ్రాంచిని ఎత్తేసే మాట నడుస్తున్నది. మా ఆఫీసు పెద్దసారు ఖమ్మం నుంచి వస్తున్నడు, కండ్లతో చూసి రాస్తడంట. సంత రోజు పెట్టుకున్న. బడి పిల్లల్ని పిలిచిన. నువ్వు రచయితవు గదా, వచ్చి కథ చెప్పాలె” అన్నది.

నన్ను మొదటిసారి ఒకరు రచయిత అన్నరు బిడ్డా. మిషను మీద కాలు ఆగిపోయింది. ఎవరిదో జాకెట్టు చెయ్యి తలకిందులు కుట్టిన ఆ రోజు.

నన్నొక్కణ్ణే నమ్ముకోలేదులే ఆమె. భద్రాచలం నుంచి ఒక పెద్ద రచయితను గూడ పిలిచింది. జరీ కండువా, మంచి గొంతు. పొద్దున పదకొండు గంటలకు మొదలు. పిల్లలు కింద చాప మీద బుద్ధిగ కూసున్నరు. పెద్దసారు కుర్చీల. భద్రాచలం ఆయన లేచి, “అనగనగా ఒక రాజ్యంలో” అన్నడు.

అన్నడో లేదో, పిల్లలు రెండు చేతులతో చెవులు మూసుకున్నరు!

ఆయన గొంతు పెంచిండు. పిల్లలు ఇంకా గట్టిగ నొక్కుకున్నరు. ఆయన చేతులు తిప్పిండు, కండ్లు తిప్పిండు, గుర్రం లెక్క సకిలించిండు. ఉహుఁ. కథ సగంల వదిలేసి, “ఈ పిల్లలకు సాహిత్య సంస్కారం లేదమ్మా” అని కండువా సర్దుకుని కూసున్నడు. నాకు లోపల ఎంత సంబరమో ఏం చెప్పాలె! ఆయన రాజులూ గుర్రాలూ మా పిల్లలకేం తెలుస్తయ్, ఎలుగుబంటి అయితే రోజూ తెలిసిన మొహం గదా, ఇగ చూసుకో సాంబయ్య సత్తా అనుకుని లేచిన.

“ఒక ఎలుగుబంటి...” అన్న. మళ్ళ చెవులు మూసుకున్నరు. నాకైతే ఇంకా తొందరగ మూసుకున్నరు. ఆయనకైతే రాజ్యం దాంకన్న ఆగిండ్రు.

ఒక్క పిలగాడు మాత్రం నోరు తెరుచుకుని వింటున్నడు. హమ్మయ్య, ఒక్కడన్న సాహిత్యం తెలిసినోడు దొరికిండని వాని మొహం చూసుకుంటనే కొంచెం కథ చెప్పిన. పెద్దసారు కాయితం మీద ఏదో రాసుకుంటుండు. భారతమ్మ మేడం తల వంచుకుని కొంగు అంచు చుట్టుతుంది, విప్పుతుంది.

ఇగ నేను ఆపి, ముందున్న ఒక చిన్నపిల్ల ముందట గొంతుక్కూసున్న. ముత్తమ్మ దాని పేరు. నా నోరు కదలట్లేదని చూసుకున్నంక మెల్లగ ఒక చెయ్యి తీసింది.

“ఏంది బిడ్డా, నా గొంతు గంత పాడుగ ఉన్నదా?”

“పగలు కథ వినొద్దు తాతా. వింటే మేనమామ అడవిల తొవ్వ తప్పుతడు. మా మామ ఉసిరికాయలకు పోయిండు.” మళ్ళ మూసుకున్నది.

నాకు చెంప మీద కొట్టినట్టైంది. ఎందుకంటే ఇది నాకు తెల్వని ముచ్చట కాదు. మా అమ్మ గూడ గిదే చెప్పేది! దీపం పెట్టినంకనే కథ. పగలు అడిగితే, “మీ మామ బండి తోలుకుని పోయిండు, నోరు మూసుకో” అనేది. గా మాట వింటనే పెరిగినోణ్ణి, పుస్తకం అచ్చయ్యేసరికి మరిచిపోయిన. పైగా నా కథలన్నీ పట్టపగలు మిషను మీద అల్లినయే. ఎంతమంది మేనమామల్ని తిప్పలు పెట్టిన్నో.

మరి గా వింటున్న పిలగాడు? అడిగితే, “నాకు మేనమామ లేడు” అన్నడు. అదీ నా ఒక్క అభిమాని సంగతి.

పెద్దసారు వాచీ చూసుకున్నడు. “ఇవన్నీ మూఢనమ్మకాలు. పొద్దుగూకే లోపల నేను అడవి దాటాలె. కార్యక్రమం అయిందనుకుందమా అమ్మా?” అన్నడు. ఆ రోజులల్ల నక్సలైట్ల భయానికి ఆఫీసర్లు చీకటి పడ్డంక మా తొవ్వల ఉండేటోళ్ళు కాదు. పిల్లలేమో దీపం పెట్టినంక అంటరు, ఈయనేమో దీపం పెట్టకముందే పోవాలంటడు. భారతమ్మ మేడం కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్.

అప్పుడు ముత్తమ్మ పక్కనున్న ఇంకో పిల్ల అన్నది: “మా మామ సంతల చీపుర్లు అమ్ముతుండు. మామ ఈడనే కూసుంటే తప్పిపోడు గదా?”

అంతే బిడ్డా. భారతమ్మ మేడం లేచింది చూడు! ఏనాడూ గట్టిగ మాట్లాడని మనిషి, ఉరికినట్టే సంతకు పోయింది. ఎలుకల మందు అమ్మేటోని చేతుల మైకు గుంజుకుని, “అడవి ఊళ్ళ పిల్లల మేనమామలంత జల్దీ లైబ్రరీకి రావాలె! మేనమామలు! మేనమామలు!” అని అరిచింది. లైబ్రరీల ఉన్న మాకు వినపడ్డది.

వచ్చిండ్రు. చీపుర్ల మామ, కోళ్ళ మామ, కల్లు ముంత చేతుల పట్టుకుని ఒక మామ. సర్కారు మేనమామలకు ఏదో ఇస్తుందంట అని పుకారు లేచి, అక్కచెల్లెండ్లు లేనోళ్ళు గూడ వచ్చిండ్రు. పుస్తకాల బీరువా కాడ కోళ్ళను కట్టేసిండ్రు. ఒక్కొక్క మామ వచ్చి కూసుంటుంటే ఒక్కొక్క పిల్ల చెవుల మీది చేతులు తీస్తుంది. దీపాలు ముట్టించినట్టే ఉండె. గది నిండింది. పెద్దసారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నడు, కాలు కింద కోడి ఉండబట్టి.

మొదలు పెట్టిన. ఎలుగుబంటి స్టూలెక్కింది, టైలర్ టేపు పెట్టి నడుము కొలుస్తుండు, ఎలుగుబంటికి కితకితలైతున్నయ్. పిల్లలు నవ్వుతుండ్రు, మామలు ఇంకా ఎక్కువ నవ్వుతుండ్రు. ముత్తమ్మ మాత్రం చెవులు మూసుకునే ఉన్నది. దాని మామ రాలేదు గదా. అందరు నవ్వితే వాళ్ళ మొహాలు చూసి తనూ నవ్వింది పాపం, మళ్ళ నవ్వితే గూడ తప్పేమో అన్నట్టు పెదాలు బిగబట్టుకుని ఇంకా గట్టిగ నొక్కుకున్నది. వేళ్ళు తెల్లబడ్డయ్.

నేను ఆపేసిన. ఎలుగుబంటి స్టూలు మీదనే ఉన్నది.

భారతమ్మ మేడం నా వెనకకొచ్చి మెల్లగ, “చెప్పు సాంబన్నా, ఆపకు. సారు పోతే మన బ్రాంచి పోయినట్టే” అన్నది.

“ఆ పిల్ల మామ రానీ మేడం” అన్న. నేనేదో గొప్పోణ్ణని అనుకోకు. ఆ వేళ్ళు చూస్తుంటే తర్వాత మాట యాదికి రాలే, అంతే.

“ఇంకెంత సేపు?” అన్నడు పెద్దసారు.

“ఉసిరికాయలు వచ్చేదాంక సార్.”

ఆయన లేచిండు, నా దగ్గరికొచ్చిండు. ఇగ అయిపోయింది మన పని అనుకున్న. ఆయన వంగి చెవుల అడుగుతడు కదా, “ఏమయ్యా... సగం వింటే గూడ లెక్కలకొస్తదా? మా మేనమామ ఇయ్యాళ్ళ పాల్వంచ నుంచి బండి మీద బయలెల్లిండు.”

ఎదురుంగ ఉన్న ఎస్టీడీ ఫోన్ బూత్ చూపించిన. పోయిండు, ఫోను చేసిండు, ఎవరూ ఎత్తలేదు. వచ్చి కుర్చీల కూసున్నడు. వాచీ చూసుడు బంద్. మేడం చాయ్ తెప్పించింది. మామలు బీడీలకు బయటికి పోతమంటే పిల్లలు పోనియ్యలేదు, చొక్కాలు పట్టుకుని కూసున్నరు. భద్రాచలం ఆయన అప్పటికే బస్సెక్కి పోయిండు.

ఎండ వాకిట్ల నుంచి గోడ మీదికి పాకినంక వచ్చిండు బిడ్డా, నెత్తి మీద ఉసిరికాయల గంపతోని. మొహమంత ముండ్ల గీతలు. సంతల ఎవరో చెప్పిండ్రంట. గడపల నిలబడి, “ఏంది, నన్ను పిలిచిండ్రంట?” అన్నడు. ముత్తమ్మ మామను చూసింది, చేతులు తీసింది. చెవులు ఎర్రగ కందిపోయినయ్. నా దిక్కు తిరిగి ఏమన్నదో తెలుసా?

“మొదటి నుంచి చెప్పు తాతా.”

మామలంత, “అయ్యో, మళ్ళ మొదటి నుంచా!” అని నెత్తులు కొట్టుకున్నరు. నన్ను మొదటి నుంచి చెప్పమన్నోళ్ళు అప్పటిదాంక లేరు, ఆ తర్వాత గూడ ఎక్కువ మంది లేరు. చెప్పిన. ఎలుగుబంటిని స్టూలు దించి, మళ్ళ అడవిల నుంచి తోలుకొచ్చిన. అందరు ఉసిరికాయలు కొరుక్కుంట విన్నరు.

పెద్దసారు వినలేదు. నేను మొదలు పెట్టంగనే లేచి జీపు కాడికి పోయిండు. ఆయన డ్రైవర్ తర్వాత నాతోని చెప్పిండు, కథ అయ్యేదాంక సారు జీపుల కూసుని చెవులల్ల వేళ్ళు పెట్టుకున్నడంట. కానీ మంచోడు, హాలు సరిపోనంత జనం వస్తుండ్రని రాసిండు. బ్రాంచి నిలిచింది. అప్పట్నుంచి సంత రోజునే కథలు పెట్టేది మేడం. ముందు మామల్ని కూసోబెట్టేది, తర్వాత పిల్లల్ని. నా పుస్తకం గూడ ముత్తమ్మ తీసుకపోయింది, తిరిగి ఇయ్యలేదు. లైబ్రరీల అట్ల పోయిన పుస్తకం నాదొక్కటే అని మేడం చెప్పేది. నేను గర్వంగ వినేది.

మరి నీది రేపు ఎన్నింటికి బిడ్డా? పొద్దుగాలనా? ఊఁ... అయితే ఇయ్యాళ్ళనే మీ మామకు ఫోన్ చెయ్యి, రేపు ఇంటి పట్టునే ఉండమను. నేను నమ్ముతనా అంటవా? నమ్మ. అయినా చెయ్యి. పో, మంచిగ చెప్పు. నీ కథ విన్న పిల్లలందరి మేనమామలూ సల్లగ ఇల్లు జేరాలె.